ఆరు బోల్టులు... ఎంత బిగువు?

‘ఇంకింత గట్టిగ బిగియ్యే అన్నా, పిలగాడు తొక్కే సైకిలు!’

హసన్‌పర్తిలో సైకిలు షాపు ముందు నిలబడ్డ ఏ తండ్రి నోటి నుంచైనా రాగల మాటే ఇది. ఇరుసు నట్టుకూ పెడల్‌కూ ఆ మాట కొంతవరకు చెల్లుతుంది. డిస్కు బ్రేకు దగ్గర మాత్రం ఎదురు తిరుగుతుంది. అక్కడ వదులైనా ముప్పే, బిగువెక్కినా ముప్పే!

పాత సైకిళ్లతో ఈ బెడద లేదు. రెండు రబ్బరు దిమ్మలు వచ్చి రిమ్మును పట్టుకునేవి. అరిగితే కొత్తవి వేయించుకుంటే సరిపోయేది. ఇప్పుడు హైస్కూలు పిల్లలు అడుగుతున్నవి గేర్లూ డిస్కు బ్రేకులూ ఉన్న సైకిళ్లు. వాటి మీద వాళ్లు తిరిగేది వీధుల్లోనే కాదు. హనుమకొండ నుంచి కరీంనగర్ వెళ్లే రోడ్డు హసన్‌పర్తి మీదుగానే పోతుంది. ఎర్రగట్టు గుట్ట దగ్గర కిట్స్ కాలేజీ... అటూ ఇటూ బస్సులూ లారీలూ. ఆ రోడ్డు మీద పిల్లాడు బ్రేకు నొక్కితే చక్రం ఆగాలి. ఆ భారమంతా ఎవరి మీద పడుతుందో తెలుసా? పెన్సిలు కన్నా సన్నగా ఉండే ఆరు బోల్టుల మీద.

చక్రానికి ఎడమవైపు చూడండి. చిల్లులున్న పల్చని స్టీలు పళ్లెం కనిపిస్తుంది. దాన్నే రోటర్ అంటారు. చక్రం మధ్యలోని హబ్బుకు దాన్ని ఆరు బోల్టులు పట్టి ఉంచుతాయి. బ్రేకు నొక్కగానే రెండు ప్యాడ్లు పళ్లేన్ని రెండు వైపులా అదుముతాయి. పళ్లెం ఆగితే హబ్బు ఆగుతుంది, దాంతో చక్రమూ ఆగుతుంది.

ఇక్కడ చిన్న లెక్క. 50 కిలోల పిల్లాడు, 15 కిలోల సైకిలు. గట్టిగా బ్రేకు వేస్తే టైరు దగ్గర సుమారు 30 కిలోల బలం పనిచేస్తుందనుకుందాం. 26 అంగుళాల చక్రంలో టైరు అంచు ఇరుసుకు 33 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, బోల్టులు 2.2 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటాయి. దూరం 15 రెట్లు తగ్గింది కాబట్టి బలం 15 రెట్లు పెరుగుతుంది. అంటే 450 కిలోలు! బోల్టుకు 75 కిలోల చొప్పున. అదీ బ్రేకు వేసిన ప్రతిసారీ.

నిజానికి ఈ తోపుడును బోల్టులు నేరుగా మోయకూడదు. అవి పళ్లేన్ని హబ్బుకు గట్టిగా అదిమి ఉంచాలి. ఆ రెండింటి మధ్య రాపిడే భారాన్ని మోయాలి. వదులైతే పళ్లెం కొద్దిగా కదులుతుంది. బ్రేకు వేసినప్పుడల్లా ‘టక్’మంటుంది. ఆ దెబ్బలకు బోల్టులు ఇంకా వదులై, ఏదో ఒక రోజు ఊడిపోతాయి, లేదా తెగిపోతాయి.

అలాగని బలమంతా పెట్టి బిగిస్తే? బోల్టు స్టీలుది, హబ్బు సాధారణంగా అల్యూమినియంది. మెత్తని లోహంలోని మరలు చెక్కుకుపోతాయి. షాపు వాళ్ల భాషలో చెప్పాలంటే థ్రెడ్డు పోయినట్టే. ఒక్కోసారి బోల్టు తల తెగి, మొండెం లోపలే ఉండిపోతుంది. అది బయటికి రాకపోతే హబ్బు మార్చాలి. హబ్బు మార్చడమంటే పుల్లలన్నీ విప్పి చక్రాన్ని మళ్లీ కట్టడమే. ఒక్క బోల్టుకు ఎక్కువ బిగువు పెట్టినందుకు అంత ఖర్చు!

మరి ఎంత? బిగువును న్యూటన్ మీటర్లలో కొలుస్తారు. ఈ ఆరు బోల్టుల పళ్లేనికి షిమానో చెప్పేది 2 నుంచి 4. మగూరా 4 అంటుంది. శ్రామ్ ఏకంగా 6.2 అంటుంది. ఒకరి లెక్క ఇంకొకరికి పనికిరాదన్నమాట. అందుకే ముందుగా చూడాల్సింది పళ్లెం మీద చెక్కిన అంకెను, అక్కడ లేకపోతే సైకిలుతో వచ్చిన పుస్తకాన్ని (పారేయకుండా ఉంటే). ఏదీ దొరక్కపోతే 4 దగ్గర ఆగడం తెలివైన పని. అది తక్కువేమీ కాదు. ఆ మాత్రం బిగువుకే ఒక్కో బోల్టు పళ్లేన్ని సుమారు 400 కిలోల బలంతో అదుముతుంది. ఆరూ కలిస్తే మూడు చిన్న కార్ల బరువంత!

చేతి అంచనా ఎందుకు తప్పుతుందంటే... 20 సెంటీమీటర్ల పిడి పట్టుకుని 15 కిలోల బలం పెడితే దాదాపు 30 న్యూటన్ మీటర్లు. కావాల్సింది 4. అంతదాకా పోకముందే ఏదో ఒకటి విరుగుతుంది.

బిగువు కొలిచే టార్క్ రెంచి ఉంటే సమస్యే లేదు. లేనివాళ్లకు కొక్కెం కాటా చాలు. ప్రయాణాల్లో సామాను బరువు చూసుకోవడానికి కొందరు ఇంట్లో పెట్టుకుంటారే, అదే. ఈ బోల్టులకు ఎక్కువగా నక్షత్రం ఆకారపు గాడి ఉంటుంది. దానికి టీ-25 కీ కావాలి. కీ పొట్టి కొసను గాడిలో పెట్టి, పొడవు కొసకు బోల్టు నుంచి 10 సెంటీమీటర్ల దగ్గర కొక్కెం తగిలించి, కీకి అడ్డంగా లాగండి. కాటా 4 కిలోలు చూపిస్తే 4 న్యూటన్ మీటర్లు వచ్చినట్టే. కీ పొట్టిదైతే 5 సెంటీమీటర్ల దగ్గర 8 కిలోలు.

ఒకదాన్ని పూర్తిగా బిగించి పక్కదానికి పోతే పళ్లెం ఒకవైపు ఒరిగి కూర్చుంటుంది. తర్వాత తిరిగేటప్పుడు ప్యాడ్లకు రాసుకుంటుంది. అందుకని ఆరింటినీ ముందు వేళ్లతో తిప్పి పెట్టాలి. ఆ తర్వాత గడియారంలో 12, 6, 2, 8, 4, 10 అంకెల వరసలో ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో బిగించాలి.

నూనె సంగతి కూడా. చైనుకు నూనె వేసే అలవాటు కొద్దీ ఇక్కడా ఓ చుక్క వేస్తారు చాలామంది. బోల్టు మరకు నూనె తగిలితే అదే లాగుడుకు బిగువు పెరిగిపోతుంది. పళ్లేనికి తగిలితే బ్రేకే పట్టదు. తలకు కొబ్బరినూనె రాసిన చేత్తో ముట్టుకున్నా అంతే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రమైన గుడ్డ తడిపి తుడవండి. కొత్త బోల్టుల మర మీద నీలం రంగు పూత కనిపిస్తే గోకేయకండి. కుదుపులకు వదులు కాకుండా పట్టి ఉంచేది అదే. బోల్టులను విప్పి మళ్లీ వాడితే ఆ పూత అరిగిపోతుంది. అప్పుడు నీలం రంగు థ్రెడ్‌లాకర్ ఓ చుక్క వేయాలి.

చక్రం తిరుగుతుండగా పళ్లెం దగ్గర వేలు పెట్టనివ్వకండి. పల్లం దిగి వచ్చిన వెంటనే ముట్టుకుంటే చేయి కాలుతుంది. చల్లారాక ఒక చేత్తో చక్రాన్ని, ఇంకో చేత్తో గుడ్డ అడ్డం పెట్టుకుని పళ్లేన్ని పట్టుకుని ముందుకూ వెనక్కూ కదపండి. హబ్బు కదలకుండా పళ్లెం ఒక్కటే కదిలితే ఆ సాయంత్రం ట్యూషన్‌కు నడిచే పంపండి. కొత్తగా బిగించిన వారం తర్వాత ఇంకోసారి కాటా పెట్టి చూస్తే చాలు.

కొన్ని సైకిళ్లకు ఆరు బోల్టులు కనిపించవు, మధ్యలో పళ్లున్న ఒకే ఒక్క చుట్టు ఉంటుంది. సెంటర్ లాక్ అంటారు దాన్ని. దాని బిగువు 40 న్యూటన్ మీటర్లు, పనిముట్టు కూడా వేరు. కాటాతో అయ్యే పని కాదు, షాపుకే తీసుకెళ్లాలి.