చిన్నారుల జ్వరానికి ఐదవ రోజే హెచ్చరిక - కవాసకి వ్యాధిపై కర్నూలు, కడప జిల్లాలలో అప్రమత్తత అవసరం

వర్షాకాలం మొదలైనది మొదలు కర్నూలు, కడప జిల్లాలలోని ప్రభుత్వ ఆసుపత్రులకు జ్వరపీడిత చిన్నారుల తాకిడి పెరగడం ఏటా కనిపించేదే. వీటిలో అధిక భాగం వైరల్ జ్వరాలు, డెంగీ, మలేరియా, టైఫాయిడ్ కోవకు చెందినవి. వీటి నడుమ అరుదుగా వచ్చే కవాసకి వ్యాధి ఇతర జ్వరాల ముసుగులో గుర్తింపునకు నోచుకోకపోవడం వలన పసిపిల్లల గుండెకు శాశ్వత నష్టం వాటిల్లే ప్రమాదమున్నది. దీనికి సమర్థమైన చికిత్స కలదు. అయితే ఆ చికిత్సను పది రోజుల లోపే అందించడం ఉత్తమం కావడం గమనార్హం.

వ్యాధి స్వరూపం

జపాన్ దేశానికి చెందిన పిల్లల వైద్యుడు డాక్టర్ తొమిసాకు కవాసకి 1961లో ఈ లక్షణాలను తొలిసారి గమనించి, 1967లో 50 మంది చిన్నారుల వివరాలను వైద్యలోకం ముందుంచారు. శరీరంలోని మధ్యస్థ రక్తనాళాల గోడలు వాయడం దీని స్వభావం. గుండె కండరానికి రక్తాన్ని అందించే కరొనరీ ధమనులు ఎక్కువగా దెబ్బతింటాయి. ఐదేళ్ల లోపు పిల్లలలోనే అధికంగా కనిపిస్తుంది. కారణం నేటికీ నిర్ధారణ కాలేదు. ఇది ఒకరి నుండి మరొకరికి సోకే అంటువ్యాధి కాదు.

ఐదు రోజులు లేదా అంతకు మించి తగ్గని తీవ్ర జ్వరం ప్రధాన లక్షణం. దానితోపాటు పుసి లేకుండా రెండు కళ్లూ ఎర్రబడడం, పెదవులు పగిలి నాలుక ఎర్రగా మారడం, ఒంటిపై దద్దురు, అరచేతులు, అరికాళ్లు వాచి తరువాత వేళ్ల కొసల వద్ద చర్మం ఊడడం, మెడ వద్ద బిళ్ల కట్టడం అనే ఐదింటిలో నాలుగు కనిపిస్తే వ్యాధిగా నిర్ధారిస్తారు. ఈ లక్షణాలన్నీ ఒకే రోజున కనిపించకపోవచ్చు. ఆరు నెలల లోపు శిశువులలో ఒకటి రెండు లక్షణాలే ఉండి, గుండెకు ముప్పు మాత్రం ఎక్కువగా ఉంటుంది.

పొరపాటు ఎక్కడ జరుగుతున్నది?

వ్యాధిని తేల్చి చెప్పే రక్తపరీక్ష ఏదీ లేదు. దద్దురుతో కూడిన జ్వరాన్ని కొన్ని కుటుంబాలు అమ్మవారుగా భావించి ఇంటివద్దనే ఉంచుతాయి. మరికొన్ని సందర్భాలలో తట్టు అనో, మందు పడక వచ్చిన దద్దురు అనో భావించడం జరుగుతుంది. డెంగీ సీజనులో ప్లేట్‌లెట్లు తగ్గలేదంటే ఊరట చెందడం పరిపాటి. కానీ కవాసకి వ్యాధిలో రెండవ వారం నుండి ప్లేట్‌లెట్లు అసాధారణంగా పెరుగుతాయి. జ్వరం తగ్గని బిడ్డకు ప్లేట్‌లెట్లు పెరగడం శుభసూచకం కాదు, హెచ్చరిక.

ఇంతకంటే ప్రమాదకరమైన విషయం మరొకటి కలదు. చికిత్స లేకున్నా కొన్ని వారాలలో జ్వరం దానంతటదే తగ్గిపోతుంది. అప్పటివరకు వాడిన మందు పనిచేసిందని తల్లిదండ్రులు భావిస్తారు. ఈలోగా ధమని గోడ సడలి బుడగవలె ఉబ్బవచ్చు. చికిత్స అందని పిల్లలలో సుమారు నాలుగవ వంతు మందికి ఈ దుస్థితి ఏర్పడుతుండగా, సకాలంలో చికిత్స అందితే అది 5 శాతం స్థాయికి తగ్గుతున్నది.

చికిత్స విధానం

దాతల ప్లాస్మా నుండి తయారయ్యే ఇమ్యునోగ్లోబులిన్‌ను శిశువు బరువులో కిలోకు 2 గ్రాముల చొప్పున 10 నుండి 12 గంటలపాటు సిర ద్వారా ఎక్కిస్తారు. 12 కిలోల బిడ్డకు 24 గ్రాములు, అనగా 5 గ్రాముల సీసాలు ఐదు అవసరమవుతాయి. ఖరీదైన ఈ మందు చిన్న ఆసుపత్రులలో నిల్వ ఉండడం అరుదు. దీనితోపాటు వైద్యుల పర్యవేక్షణలో ఆస్పిరిన్ ఇస్తారు. పదవ రోజు దాటినా జ్వరం, వాపు సూచనలు కొనసాగుతుంటే ఇమ్యునోగ్లోబులిన్ ఇవ్వవలసిందే. 10 నుండి 20 శాతం మందికి మొదటి మోతాదు చాలక అదనపు చికిత్స అవసరమవుతుంది. వ్యాధి నిర్ధారణ సమయంలోను, ఒకటి రెండు వారాలకు, ఆరు వారాల తరువాత ఎకో పరీక్ష తప్పనిసరి.

రాయలసీమ పరిస్థితులు

కర్నూలు వైద్య కళాశాల, 2006లో ప్రారంభమైన కడప రిమ్స్ అనుబంధ ఆసుపత్రులు ఈ ప్రాంతానికి పెద్ద దిక్కు. తిరుపతిలో 2021లో తిరుమల తిరుపతి దేవస్థానం శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయాన్ని ప్రారంభించింది. కావున వైద్య సంస్థలు అందుబాటులో లేవని చెప్పజాలము. లోపం వాటిని చేరే మార్గంలో ఉన్నది. కోసిగి, ఆదోని ప్రాంతాల నుండి మిరప, పత్తి కోతలకు గుంటూరు వైపు వలస వెళ్లే కుటుంబాల పిల్లలకు జ్వరం ఒకచోట మొదలై, చికిత్స మరొకచోట సాగుతుంది. ఒక్కొక్క వైద్యుని వద్ద జ్వరం మొదటి రోజుగానే లెక్కకు వస్తుంది.

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టుకతో వచ్చే గుండె లోపాలు, రుమాటిక్ గుండె జబ్బు పరిశీలించవలసిన జాబితాలో ఉన్నాయి. స్వల్పకాలంలో వచ్చిపోయే కవాసకి వ్యాధి పాఠశాల, అంగన్‌వాడీ తనిఖీలకు చిక్కేది కాదు. జ్వరంతో వచ్చిన రోజున చూసిన వైద్యుడే దానిని గుర్తించవలసి ఉన్నది.

చేయవలసినది

జ్వరం మొదలైన తేదీని ప్రతి ఓ.పి. చీటీపై నమోదు చేయడానికి అదనపు వ్యయం అవసరం లేదు. ఐదవ రోజుకు తగ్గని జ్వరంతో పై లక్షణాలలో ఏవైనా ఉన్న ఐదేళ్ల లోపు పిల్లలను ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల నుండి నేరుగా పిల్లల వైద్య నిపుణులకు పంపాలి. బోధనాసుపత్రులలో కనీసం ఒకరిద్దరు పిల్లలకు సరిపడు ఇమ్యునోగ్లోబులిన్ నిల్వ ఉంచడం శ్రేయస్కరం. ఈ మందు పొందిన శిశువులకు మీజిల్స్-రుబెల్లా టీకాను సాధారణంగా 11 నెలలు వాయిదా వేయవలసి ఉన్నందున, ఆ విషయాన్ని ఏ.ఎన్.ఎం.లు టీకా కార్డులో నమోదు చేయాలి. ఆస్పిరిన్ వాడుతున్న బిడ్డకు ఆటలమ్మ లేదా ఫ్లూ సోకితే వెంటనే వైద్యుని సంప్రదించాలి.

జిల్లాలలోని పాత్రికేయులు జ్వరాల సంఖ్యతోపాటు జ్వరపు రోజుల లెక్క ప్రాధాన్యాన్ని ప్రజల దృష్టికి తీసుకువెళితే, తల్లిదండ్రులు ఐదవ రోజునే ఆసుపత్రి గడప తొక్కేందుకు వీలు కలుగుతుంది. ఆ ఒక్క జాగ్రత్తతో జీవితాంతం గుండె జబ్బుతో బాధపడే దుస్థితి నుండి పసివారిని చాలావరకు కాపాడవచ్చును.