ప్రయాస తగ్గినగాని పొయ్యి మారదు

మానవపాడు ప్రాంతము పత్తి, కంది, మిరప పండు సీమ. పంట యింటికి చేరినపిదప పత్తికట్టె, కందికట్టె పెరటిలో వామివలె పేర్చుకొందురు. దానికి దరఖాస్తు అక్కరలేదు, ఆధారు అక్కరలేదు, ముందుగా రొక్కము చెల్లింప నక్కరలేదు. కావుననే వంటగ్యాసు యింటనున్నను కట్టెలపొయ్యి చల్లారని యిండ్లు పల్లెలయం దిప్పటికిని కలవు. దీనిని జూచి పట్టణవాసులలో పెక్కురు "పల్లెవారి అజ్ఞానము" అని తేల్చివేయుచున్నారు. ఈ తీర్పు న్యాయము కాదని మా యభిప్రాయము.

పొగవలని కీడు ఎరుగని గృహిణి లేదు. కండ్లు మండునది ఆమెకు. దగ్గు ఆమెకును, ఒడిలోని బిడ్డకును. అయినను క్రొత్త సాధనమునకు వెల యొక్కటే ఖర్చు కాదు. కార్యాలయము చుట్టు తిరుగుట, ఒకనాటి కూలి పోగొట్టుకొనుట, పత్రములలో పేరు సరిపడకుండుట, చెడినప్పుడు బాగుచేయువాడు దొరకకుండుట, ఇవన్నియు ఖర్చులే. ఏ బడ్జెటులోను ఇవి కానరావు; పేదయింటి లెక్కలో మాత్రము మొదటి పద్దు ఇవియే.

ఇది మనదేశపు జాడ్యమే యనుకొనరాదు. అమెరికాలో మిషిగన్ రాష్ట్రమున సుమారు 30,000 కుటుంబములపై జరిగి 2015లో ప్రకటితమైన పరిశోధనను చూడుడు. చలి చొరకుండ ఇంటిని, వెచ్చపరచు యంత్రమును ఉచితముగా బాగుచేసి యిత్తుమని పదేపదే చెప్పినను, నూటికి ఆరు కుటుంబములు మాత్రమే తుదివరకు వచ్చినవి. మన పొరుగున ఒడిషాలో పంచిన మెరుగైన పొయ్యిలు మొదటి యేడు పొగను తగ్గించినవి. పిదప వాటిని బాగుగా నుంచుకొను పని సాగక ఆ లాభము నిలువలేదు.

ప్రభుత్వములు ఈ సత్యమును బొత్తిగా నెరుగకపోలేదు. 1999లో దీపము పథకము, 2016లో ఉజ్జ్వల పథకము కనెక్షను భారమును తగ్గించినవి. 2021లో ఉజ్జ్వల రెండవ విడతయందు వలస కూలీలకు రేషనుకార్డు, చిరునామా పత్రములకు బదులు స్వీయప్రకటన చాలునన్నారు. ఇది సరియైన త్రోవ. కాని 2024లో తెలంగాణమున రూ. 500ల సిలిండరు పథకము ఆరంభమైనప్పుడు, పూర్తి వెల ముందు చెల్లింపవలెననియు, రాయితీ తరువాత బ్యాంకులో పడుననియు చెప్పిరి. చేత రొక్కము లేని యింటికి రేపు వచ్చు సొమ్ము నేటి వంటకు పనికిరాదు.

మోసము నరికట్టుటకు పత్రము లవసరమని అధికారులు చెప్పవచ్చును. సత్యమే. కాని ఆ పరిశీలన భారమును కార్యాలయము మోయవలెను గాని, కూలికి పోవు స్త్రీ కాదు.

నెలకొక దినము ఊరిలోనే దరఖాస్తు, పరిశీలన, మరమ్మతు ఒకేచోట జరుగునట్లు చేయవలెను. రాయితీ పోను మిగిలిన వెలనే పుచ్చుకొనవలెను. గ్రంథాలయమునకు వచ్చు యువకులు అర్జీలు నింపి సాయపడుదురు గాక.

1947లో దేశమునకు స్వాతంత్ర్యము వచ్చినది. 1948లో ఈ సీమకు నిజాము పాలన తొలగినది. మన తల్లులకు వంటయింటి పొగనుండి విముక్తి యింకను రావలసియున్నది.