చిత్తూరు మిఠాయి నేర్పు పాఠము

పట్టా చేతికి రాగానే మన పద్మనాభం ప్రాంత యువకులు ఓడరేవు, ఉక్కు కర్మాగారముల కొలువులవైపే చూచుచున్నారు. 1952లో చిత్తూరున బి. వెంకటరామరెడ్డిగారు స్థాపించిన న్యూట్రిన్ మిఠాయి సంస్థను వారు గుర్తుచేసికొనవలెనని మా అభిప్రాయము. ఒక చిన్న పట్టణమున పుట్టిన ‘మహాలాక్టో’ దేశమంతట పిల్లల నోరూరించినది. ఆ కుటుంబ సంస్థ 2006లో గోద్రెజ్ వశమై, తరువాత అమెరికాకు చెందిన హెర్షీకి చేరినది. నేడు కోకో పంటలో ఆంధ్రప్రదేశ్ దేశమునకే ప్రథమస్థానమున నున్నది. అయినను గింజలు మనవి, చాక్లెట్లపై పేర్లు మాత్రము తరచుగా పరులవి. ఉద్యోగము కోరుట తప్పు కాదు. కాని పదిమందికి పని కల్పించుటయు విద్యకు ఫలమే. కావున మన కళాశాలలో చిన్న పరిశ్రమల స్థాపన, నిర్వహణలయందు శిక్షణ నేర్పాటు చేయవలసినదిగా కమిటీ పెద్దలను సవినయముగా కోరుచున్నాము.