పికప్ బండికి ఎట్టి కప్పు?

మిరప బస్తాలతో గుంటూరు యార్డునకు బయలుదేరిన పికప్ బండిపై దారిలో ఒక్క వాన పడినచో సంవత్సరపు కష్టము నీటిపాలగును. కావున తొట్టికి కప్పు ఆవశ్యకమనుటలో వివాదము లేదు. ఎట్టిదన్నదే ప్రశ్న.

ఇనుపరేకుతో శాశ్వతముగా బిగించిన గూడు చూచుటకు దృఢమే. కాని గడ్డిమోపులకును, పశువులకును అది అడ్డము; దాని బరువు మేరకు సరుకు తగ్గును. తీసి మడిచి పెట్టుకొనదగిన బరకమే రైతునకు తగినదని మా యభిప్రాయము.

బరకమును అంగడివాని మాటపై గాక మందము చూచి కొనవలెను. చదరపు మీటరునకు 250 గ్రాములకు తక్కువైనది వలదందుము. అంచు మడతలో త్రాడుండవలెను. రింగులు దగ్గరదగ్గరగా నుండవలెను. క్రిందటి యేడు మేము చవుకదానికి ఆశపడితిమి. ఈదురుగాలికి రింగులూడి ఆరు బస్తాలు తడిసినవి. మిగిలిన డబ్బు ఒక బస్తా వెలకైనను చాలలేదు!

అంచులు తొట్టి పలకలకు వెలుపల వ్రేలాడవలెను. లోపలికి దోపినచో కప్పే నీటిని బస్తాల క్రిందికి నడిపించును. నడుమ ఇనుప కమానులు నిలిపినచో నీరు మడుగు కట్టదు.

ప్లాస్టిక్ బరకము ఆవిరిని పోనీయదు. సరిగా ఆరని కాయ దానిక్రింద చెమర్చి బూజుపట్టును. వాన వెలిసినతోడనే విప్పవలెను. బిగించిన గూటితో ఇది సాధ్యమా?

వచ్చు సమావేశమునకు సభ్యులు తమ తొట్టి పొడవు వెడల్పులు కొలిచి తెచ్చినచో, సంఘము పక్షమున అందరికిని ఒక్కసారే బేరమాడవచ్చును.