గృహిణి – యంత్రము : కదలని స్టీరింగు చక్రము



గత మాసమున కుట్టుమిషనును గుఱించి ముచ్చటించుకొంటిమి. ఈ మాసమున విజయవాడనుండి ఒక సోదరి వ్రాసిన లేఖ నన్ను మోటారు కారు చెంతకు గొనిపోయినది.

ఆమె భర్తగారు ముచ్చటపడి కొన్న కారది, మిక్కిలి వెలగలది, నేటికి ఇరువది యేండ్లు నిండినవి. ఆయన గతించి రెండేండ్లయినది. అత్తగారికి మూత్రపిండముల జబ్బు. వారమునకు మూడు పర్యాయములు ఆసుపత్రికి గొనిపోవు భారము ఈమెదే. ఆ కారులో మీట నొక్కినంతనే స్టీరింగు చక్రము పైకి, క్రిందికి, ముందుకు, వెనుకకు జరుగుచుండెడిది. ఇప్పుడు జరుగుట మానినది. నిలిచిపోయిన చోటు భర్తగారి కొలత. ఆయన ఆఱడుగుల మనిషి. ఈమె అయిదడుగులకు లోపు.

“అక్కగారూ! స్తంభము మొత్తము మార్చవలెనని మెకానిక్కు చెప్పిన ధర, ఈ కారు అమ్మినచో వచ్చు సొమ్ముతో సమానముగా నున్నది. మా అబ్బాయి విదేశమునుండి ‘అమ్మివేయుమమ్మా, అంతవరకు వీపు వెనుక దిండు పెట్టుకొనుము’ అనుచున్నాడు. అట్లే నడుపుచున్నాను. చక్రము తిరుగుచున్నది గదా, ఇంత చింత యేల అని అందఱును అనుచున్నారు. నాది వట్టి మంకుపట్టా?” అని ఆమె ప్రశ్న.

మంకుపట్టు కాదు, సోదరీ! నేను ఆమెకు మొదట సలహా వ్రాయలేదు. ఒక ప్రశ్న వ్రాసితిని. నిత్యము నడుపునట్లే, దిండుతో సహా కూర్చుండి, చక్రము నడిబొడ్డునుండి తన ఱొమ్మెముకవఱకు కుట్టుపనికి వాడు టేపుతో కొలిపించుమంటిని. జవాబు వచ్చినది: ఆఱంగుళములు.

ఆ జవాబు చూచి నాకు గుండె ఝల్లుమన్నది. ఏలయన, ఆ నడిబొడ్డులోనే ఎయిర్ బ్యాగు మడచి యుండును. పెద్ద తాకిడి కలిగినప్పుడు అది రెప్పపాటు కాలములో విరివిగా ఉబ్బును. కొంత దూరమున నున్నవారిని అది మెత్తగా పట్టుకొనును. మీదబడినట్లు కూర్చున్నవారిని ఉబ్బుచుండగనే బలముగా మోదును. అమెరికా దేశపు రహదారి భద్రతా శాఖవారు ఱొమ్మునకు, ఆ సంచికి నడుమ కనీసము 10 అంగుళములు, అనగా 25 సెంటీమీటర్ల ఎడముండవలెనని చెప్పుచున్నారు. చక్రపు ముఖము మన మొగమువైపు గాక ఱొమ్మువైపు ఉండవలెను. పొడగరి కొలతకు ఎత్తి, వెలుపలికి లాగియుంచిన చక్రము పొట్టివారికి ఈ రెంటిని చెఱచును. సీటు వెనుకకు జరుపుకొందమన్న పెడళ్లు కాలికందవు. దిండు పెట్టుకొన్నకొలది మనిషి చక్రమునకు మఱింత చేరువగును. కనుక చక్రమును జరుపు ఆ మీట విలాసము కాదు, నడుపువారి కొలత.

ఇక ఒక భ్రమ తొలగించుకొందము. పవరు స్టీరింగు వేఱు, ఇది వేఱు. చక్రమును తేలికగా త్రిప్పుటకు తోడ్పడునది పవరు స్టీరింగు. 1951లో అమెరికాలో క్రైస్లరు వారి ఇంపీరియలు కారుతో అది అంగడికి వచ్చినది. చక్రము త్రిప్పుటకు బరువెక్కినచో ఆ భాగమునకు జబ్బు చేసినదని తెలిసికొని, వెంటనే చూపింపవలెను. చక్రమును మన కొలతకు జరుపు ఏర్పాటు మఱొకటి. 1961లో ఫోర్డు వారి థండరుబర్డు కారులో, ఎక్కి దిగుటకు వీలుగా చక్రము ప్రక్కకు ఒదుగు ఏర్పాటు చేసిరి. 1963లో జనరలు మోటార్సు వారు చక్రము ఎత్తు మార్చుకొను సదుపాయము తెచ్చిరి. పిదప ఖరీదైన కార్లలో ఈ పని మోటార్లకు అప్పగించిరి.

దీని లోపలి రహస్యము కష్టమైనది కాదు. చక్రమును మోయు స్తంభమునకు చిన్న మోటార్లు రెండుండును: ఒకటి ఎత్తునకు, ఒకటి దూరమునకు. మోటారు తిరుగగా మరచుట్టు గేరు ఒకటి పొడవైన మరను త్రిప్పును, స్తంభము జరుగును. కొన్ని కార్లలో నడుమ మెలిదిరుగు తీగె యుండును. చక్రము ఎంత జరిగినదో ఒక పరికరము కనిపెట్టి, జ్ఞాపకముంచుకొను పెట్టెకు తెలుపును. తాళము తీసినంతనే చక్రము తానే తొలగి, మరల తాళము పెట్టగనే పూర్వస్థానమునకు వచ్చు మర్యాద కూడ పెక్కు కార్లలో కలదు. చీర కట్టువారికి అది హాయియే. కాని మనము మీట ముట్టకున్నను ప్రతి ప్రయాణమునకు మోటారు రెండుమాఱులు పనిచేయుచుండును. ఏండ్లు గడచుకొలది గ్రీజు గట్టిపడును, ప్లాస్టికు గేరు పండ్లు అఱుగును.

ఇక పరీక్ష. వైద్యుడు నాడి చూచి మందిచ్చును గాని, తొలుతనే కత్తి పట్టడు గదా! చవుకైనదానితో మొదలుపెట్టి ప్రియమైనదానివఱకు పోవలెను.

మొదట బ్యాటరీ. ఇంజను ఆపి కొన్ని గంటలైన పిదప మంచి బ్యాటరీ 12.6 వోల్టులు చూపును, 12.2కు దిగినచో సగము ఖాళీ యనుకొనవలెను. సత్తువ తగ్గిన బ్యాటరీతో ఇట్టి సదుపాయములు మొరాయించును. బ్యాటరీ మార్చిన పిదప చక్రపు హద్దులను మరల నేర్పవలసిన కార్లు కూడ గలవు. ఆ విధానము కారుతో వచ్చిన పుస్తకములో నుండును.

రెండవది ఫ్యూజు. ఏది యేదో ఆ పుస్తకమే చెప్పును. కాలినచో అంతే కొలతగలది వేయవలెను గాని పెద్దది వేయరాదు.

మూడవది మన చెవి. కారు నిలిపి, ఇంట నెవరిని మాటలాడవద్దని చెప్పి, మీటను నాలుగు వైపులకు నొక్కి వినవలెను. మోటారు రొదచేయుచు చక్రము కదలనిచో, విద్యుత్తు వచ్చుచున్నదన్నమాట. తప్పు గేరుదో తీగెదో. చప్పుడే లేనిచో, మీటనో, తీగెల ముడినో, మోటారునో అనుమానింపవలెను. కదలి, తలచిన చోట ఆగక మఱొక చోట ఆగినచో, స్థానము తెలుపు పరికరము తప్పుచున్నదనవచ్చును.

మన సోదరి ఈ విధముగనే విని వ్రాసినది: ముందువెనుకలకు నొక్కిన రొద, పైకిక్రిందికి నొక్కిన మౌనము. ఈ ఒక్క వాక్యముతో సగము పని తీరినది. రెండు మోటార్లును ఒకే జబ్బుతో లేవు; స్తంభము మొత్తము చెడినదనుటకు ఆధారమే లేదు. ఆమె ఈ మాటనే కాగితముమీద వ్రాసికొని మఱొక షెడ్డునకు బోయి, “మౌనముగా నున్న మోటారువఱకు విద్యుత్తు వచ్చుచున్నదేమో చూడుము, నాయనా” అని అడిగినది. స్తంభము క్రింది మూత విప్పిచూడగా తీగెల ముడి చిలుమెక్కి వదులై యున్నది. శుభ్రపఱచి బిగించినంతనే చక్రము క్రిందికి దిగినది. రెండవ మోటారు గేరు మాత్రము నిజముగనే అఱిగినది. దానికి తగిన భాగము దొరకువఱకు, మోటారును విప్పి మరను చేతితో త్రిప్పి, చక్రమును డాష్‌బోర్డువైపు వలసినంత లోపలికి పంపి, ఆమె కొలతకు నిలిపిరి. తాళముతో తొలగు మర్యాదను కూడ ఆపించిరి. దిండు తీసి కొలువగా పదునొకండు అంగుళములు! అయిన ఖర్చు మొదట చెప్పిన ధరలో చిన్న తునక.

అయితే ఇందు మనము చేయదగనివి కలవు. మూత విప్పుట మన పని కాదు. చక్రమును ఊడదీయుట అసలే కాదు. పసుపుపచ్చని ముళ్లుగల తీగెలు ఎయిర్ బ్యాగువి. బ్యాటరీ తీగె విప్పిన పిదప కూడ కొన్ని నిమిషములు అందు విద్యుత్తు నిలిచియుండును. కారు పుస్తకములో చెప్పినంత సేపు ఆగిన పిదపనే మెకానిక్కు చేయి పెట్టవలెను. పని ముగిసిన తరువాత చక్రమును పట్టుకొని గట్టిగా పైకి, క్రిందికి, ముందుకు, వెనుకకు కదల్చి చూడుడు. లేశమైనను వదులున్నచో ఆ కారు ఇల్లు కదలరాదు. నడుచుచున్న కారులో మీటను ముట్టరాదు.

ఆ సోదరి తుది లేఖలో నిట్లు వ్రాసినది: “చక్రము క్రిందికి దిగిన నిమిషమున నాకు కన్నీరు ఆగలేదు. ఆయన చేతులుంచిన చోటు పోయినదనిపించినది. కాని మా అత్తగారు నా చేయిపట్టుకొని, ‘అమ్మాయీ, వాడుంటే తానే దింపి యిచ్చెడివాడు’ అన్నది.” ఆ పెద్దమ్మ మాటకు నేను చేర్చదగినది లేదు.

మేస్త్రీ తన ఎత్తునకు వంటగట్టు కట్టిపోవును. మనము పీట వేసికొని సర్దుకొందుము. గట్టు దగ్గఱ ఆ సర్దుబాటు నడుము నొప్పితో పోవును, కారులో పోదు. కావున కారు నడుపు సోదరీమణులెల్లరు ఈ పూటయే టేపు తీసికొని, తమ కొలత చూచుకొందురు గాక!