రక్తదానానికి క్యాలెండర్ కావాలి

మానవ రక్తానికి పూర్తి ప్రత్యామ్నాయాన్ని వైద్యశాస్త్రం నేటికీ తయారుచేయలేకపోయింది. ప్రసవంలో రక్తస్రావమైన తల్లికైనా, రోడ్డు ప్రమాదంలో గాయపడిన వ్యక్తికైనా, తలసేమియాతో పుట్టిన బిడ్డకైనా మరో మనిషి ఇచ్చిన రక్తమే దిక్కు. నార్కట్‌పల్లి, సూర్యాపేట, కోదాడల మీదుగా 65వ జాతీయ రహదారి, జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరుల మీదుగా 44వ జాతీయ రహదారి సాగిపోయే ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో, నల్లమల అంచున ఉన్న అమ్రాబాద్ వంటి మారుమూల మండలాల్లో ఈ అవసరం ఏ క్షణానైనా ముంచుకురావచ్చు. ఇక్కడ రక్తదాన ప్రచారానికి కొదవ లేదు; కొరవడిందల్లా దానాన్ని ఏడాది పొడవునా సమంగా పంచే ప్రణాళిక.

ఆ ప్రణాళిక ఎందుకు అవసరమో రక్తం స్వభావమే చెబుతుంది. వయోజనుల శరీరంలో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. అందులో సగానికి మించిన భాగం ప్లాస్మా అనే లేత పసుపు ద్రవం కాగా, మిగిలినదంతా దాదాపు ఎర్ర రక్తకణాలే. ఇవి హిమోగ్లోబిన్ అనే ఇనుముతో కూడిన ప్రొటీన్ సాయంతో ఊపిరితిత్తుల నుంచి ప్రాణవాయువును శరీరమంతటికీ చేరవేస్తాయి. తెల్ల రక్తకణాలు వ్యాధులతో పోరాడితే, ప్లేట్‌లెట్లు గాయమైన చోట రక్తాన్ని గడ్డకట్టిస్తాయి. ఎర్రకణం ఆయుష్షు దాదాపు 120 రోజులు. ఆ తర్వాత అది నశించక తప్పదు, దాని స్థానంలో ఎముక మజ్జ కొత్త కణాన్ని పుట్టిస్తూనే ఉంటుంది. దాత ఇచ్చే 350 లేదా 450 మిల్లీలీటర్లలోని ద్రవభాగం ఒకటి రెండు రోజుల్లో, కణాలు కొన్ని వారాల్లో తిరిగి సమకూరుతాయి. అందుకే 18 నుంచి 65 ఏళ్ల లోపు వయసుండి, కనీసం 45 కిలోల బరువున్న ఆరోగ్యవంతులైన పురుషులు 90 రోజులకు ఒకసారి, స్త్రీలు 120 రోజులకు ఒకసారి రక్తం ఇవ్వవచ్చని మన నిబంధనలు అనుమతిస్తున్నాయి.

దాత శరీరం ఇలా భర్తీ చేసుకోగలిగిన రక్తాన్ని రక్తనిధి మాత్రం ఎక్కువ కాలం కాపాడలేదు. ఒక దాత నుంచి సేకరించిన రక్తాన్ని, అంటే ఒక యూనిట్‌ను, భాగాలుగా విడదీశాక ఎర్రకణాలను 2 నుంచి 6 డిగ్రీల సెల్సియస్ చల్లదనంలో, కలిపే సంరక్షక ద్రావణాన్ని బట్టి 35 నుంచి 42 రోజుల వరకు మాత్రమే ఉంచగలరు. ఘనీభవింపజేసి దాచిన ప్లాస్మా ఏడాది నిలుస్తుంది గానీ, డెంగీ రోగుల్లో పరిస్థితి విషమించినప్పుడు అవసరమయ్యే ప్లేట్‌లెట్లను నిరంతరం కదిలిస్తూ ఉంచినా వాటి నిల్వ గడువు సాధారణంగా 5 రోజులే. పంట కాలంలో గాదెలు నింపి ఏడాదంతా తిన్నట్టు, ఒక్క మహాశిబిరంతో ఏడాది అవసరాన్ని తీర్చడం రక్తం విషయంలో సాధ్యం కాదు.

అయితే మన శిబిరాలు ఎక్కువగా నాయకుల జన్మదినాలను, జూన్ 14న ప్రపంచ రక్తదాతల దినోత్సవాన్ని, అక్టోబర్ 1న జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినోత్సవాన్ని, అక్టోబర్ 21న పోలీసు అమరుల సంస్మరణ దినాన్ని చూసుకుని జరుగుతాయి. ఆ స్ఫూర్తి గౌరవించదగినదే. కానీ ఒకే రోజున వందలాది యూనిట్లు వచ్చిపడితే వాడకం ఆ వేగాన్ని అందుకోలేదు. పరీక్షలు, సెలవులతో కళాశాలలు ఖాళీ అయ్యే వేసవిలోనేమో యువ దాతలు దొరకరు. బతుకుతెరువు కోసం వలస వెళ్లడం అలవాటైన పాలమూరు (మహబూబ్‌నగర్) పల్లెల్లో ఊరి యువకులు ఊళ్లో ఉండే నెలలేవో కూడా లెక్కలోకి తీసుకోవాల్సిందే.

అవసరం ఎంతో అంచనా వేయడం కష్టమేమీ కాదు. జనాభాలో ఒక శాతానికి సమానమైన యూనిట్లు ఏటా సేకరించగలిగితే కనీస అవసరం తీరుతుందన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొనే కొలమానం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో 40.5 లక్షల మంది, ఉమ్మడి నల్లగొండలో 34.9 లక్షల మంది, మొత్తం దాదాపు 75 లక్షల మంది ఉన్నారు. అంటే ఏటా 75 వేల యూనిట్లు, రోజుకు సుమారు 205 యూనిట్లు కావాలి. ఒక్కో దాత ఏడాదిలో మూడుసార్లు ఇస్తే 25 వేల మంది సరిపోతారు. పాత లెక్కన ఈ రెండు జిల్లాల్లో 123 మండలాలు ఉండేవి. కాబట్టి మండలానికి దాదాపు రెండు వందల మంది నిలకడైన దాతలు చాలు. ఇంత చిన్న సంఖ్యను సమీకరించలేకపోవడానికి జనంలో దానగుణం లేకపోవడం కాదు, వారిని ఏడాదంతా పిలిచే ఏర్పాటు లేకపోవడమే కారణం.

ఈ ఏర్పాటు లేని చోట భారమంతా రోగి బంధువులపై పడుతుంది. సుప్రీంకోర్టు 1996 నాటి తీర్పు ఫలితంగా 1998 జనవరి 1 నుంచి డబ్బు తీసుకుని రక్తమిచ్చే పద్ధతిని నిషేధించారు. స్వచ్ఛంద దానమే పునాదిగా ఉండాలని 2002 నాటి జాతీయ రక్త విధానం నిర్దేశించింది. అయినా ‘ఒక యూనిట్ తీసుకుంటే బదులుగా ఒక యూనిట్ ఇప్పించండి’ అనే పద్ధతి కొనసాగుతోంది. ఆదుర్దాలో ఉన్న బంధువు తన అనారోగ్య చరిత్రను దాచే ప్రమాదం ఉంది. ప్రతి యూనిట్‌కూ హెచ్‌ఐవీ, హెపటైటిస్-బి, హెపటైటిస్-సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు తప్పనిసరే అయినా, వైరస్ సోకిన తొలి రోజుల్లో అది పరీక్షకు చిక్కకపోవచ్చు. క్రమం తప్పకుండా స్వచ్ఛందంగా ఇచ్చే దాతలే ఎక్కువ సురక్షితం కావడానికి కారణమిదే.

దాతల సంఖ్యను కుదించేస్తున్న మరో అవరోధం రక్తహీనత. దాతకు ప్రతి డెసిలీటర్‌కు కనీసం 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉండాలి. కానీ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ మహిళల్లో సగానికి మించి రక్తహీనులే. ప్రసవంలో రక్తం అత్యవసరమయ్యే వర్గమే ఇవ్వలేని స్థితిలో ఉండటం ఈ సమస్యలోని అతి పెద్ద అన్యాయం. రక్తహీనత ఉన్న తల్లికి కొద్దిపాటి రక్తస్రావమే ప్రాణాంతకం కావచ్చు. కాబట్టి ఐరన్ మాత్రలు అందించడం, ఆకుకూరలు, పప్పులు, రాగులు, నిమ్మ, ఉసిరి వంటివి కలిసిన భోజనాన్ని ప్రోత్సహించడం తల్లిని కాపాడే చర్యలే కాదు, రేపటి దాతను తయారుచేసే చర్యలు కూడా.

మహబూబ్‌నగర్, నల్లగొండ, సూర్యాపేట, నాగర్‌కర్నూల్, వనపర్తి ప్రభుత్వ వైద్య కళాశాలలు ఈ పనికి కేంద్రాలుగా నిలవగలవు. మండలాలవారీ దాతల జాబితా, ప్రతి వారం ఒక చిన్న శిబిరం, వేసవికి ప్రత్యేక వంతు, అచ్చంపేట, దేవరకొండ వంటి దూరప్రాంతాల ఆసుపత్రుల్లో శీతలీకరణ గల రక్త నిల్వ కేంద్రాలు, శిబిరంలో హిమోగ్లోబిన్ తక్కువని తేలినవారిని వెనక్కి పంపి ఊరుకోకుండా చికిత్సకు చేర్చే బాధ్యత — ఇవన్నీ ఒకే క్యాలెండర్‌లో చేరాలి. జన్మదిన శిబిరం పెట్టదలచిన నాయకులు ఆ తేదీని వదిలి, రక్తనిధి అడిగిన తేదీన శిబిరం నిర్వహిస్తే ఆ సేవ విలువ రెట్టింపవుతుంది. జిల్లా యంత్రాంగాలు ఈ క్యాలెండర్‌ను వేసవికి ముందే ప్రకటించి, ఏ వారం ఏ మండలం వంతో ప్రజలకు తెలియజేయాలి.