మాయా మూర్ వదులుకున్నదేమిటి? గెలిచినదేమిటి?

"ఆటలు కూడు పెడతాయా?" అని ఇంట్లో పెద్దలు అడుగుతుంటారు. ఆటలో పైకొస్తే పేరు, ఉద్యోగం, డబ్బు వస్తాయని మనం జవాబు చెబుతుంటాం. ఈ రెండు మాటలకూ అందని క్రీడాకారిణి ఒకామె ఉంది. ఆమే అమెరికా బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి మాయా మూర్. ఆమె గురించి మా అభిప్రాయాన్ని తోటి విద్యార్థులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

మాయా 1989లో మిస్సోరి రాష్ట్రంలోని జెఫర్సన్ సిటీలో పుట్టింది. తల్లి ఒంటరిగా పెంచింది. కనెక్టికట్ విశ్వవిద్యాలయంలో ఆమె ఆడిన నాలుగేళ్ళలో ఆ జట్టు 150 మ్యాచ్‌లు గెలిచి, ఓడింది నాలుగే! 2011లో మిన్నెసోటా లింక్స్ జట్టు ఆమెను అందరికన్నా ముందుగా ఎంపిక చేసుకుంది. 2011, 2013, 2015, 2017లో ఆ జట్టు మహిళల లీగ్ డబ్ల్యూఎన్‌బీఏ విజేతగా నిలిచింది. 2014లో లీగ్ అత్యుత్తమ క్రీడాకారిణి మాయాయే. 2012, 2016 ఒలింపిక్స్‌లో బంగారు పతకాలు కూడా సాధించింది.

అయితే ఇది పూలబాట కాదు. 2019లో మహిళల లీగ్‌లో గరిష్ఠ జీతం ఏడాదికి సుమారు 1 లక్షా 17 వేల డాలర్లు. అప్పటికే పురుషుల లీగ్‌లో పెద్ద ఆటగాళ్ళు 3 కోట్ల డాలర్లకు పైగా తీసుకుంటున్నారు. చెమట ఒక్కటే, కూలి మాత్రం వేరు! అందుకే వేసవిలో స్వదేశంలో, చలికాలంలో విదేశాల్లో ఆడటం అక్కడి క్రీడాకారిణులకు మామూలైంది. మాయా కూడా స్పెయిన్, చైనా, రష్యాలలో ఆడింది. మహిళ ఆటకు తక్కువ వెలకట్టే పద్ధతి అన్యాయమని మేము గట్టిగా నమ్ముతున్నాం.

2019లో, ఇంకా 30 ఏళ్ళు నిండకముందే, మాయా ఆట ఆపేసింది. కారణం జొనాథన్ ఐరన్స్ అనే నల్లజాతి ఖైదీ. 16 ఏళ్ళ వయసులో దొంగతనం, కాల్పుల కేసులో పట్టుబడి, 50 ఏళ్ళ శిక్ష పడినవాడు. అతను నేరం చేశాడనడానికి వేలిముద్రల సాక్ష్యం లేదు. పైగా అతనికి అనుకూలమైన వేలిముద్రల నివేదికను అతని న్యాయవాదికి ఇవ్వలేదు. బంధువుల ద్వారా అతన్ని ఎరిగిన మాయా తన పేరునూ, కాలాన్నీ ఆ కేసుకే ధారపోసింది. మూడో ఒలింపిక్స్ అవకాశాన్నీ కాదనుకుంది. 2020 మార్చిలో న్యాయమూర్తి శిక్షను కొట్టివేశారు. జులై 1న ఐరన్స్ జైలు గేటు దాటి బయటికి వచ్చాడు. అదే ఏడాది వారిద్దరూ పెళ్ళి చేసుకున్నారు. 2023లో మాయా ఆటకు అధికారికంగా వీడ్కోలు చెప్పింది.

మంచి వయసులో ఆటను పాడుచేసుకుందని అనేవారు ఉంటారు. మేము ఒప్పుకోము. ఇంకో రెండు కప్పులు గెలిస్తే అల్మారాలో పెట్టుకునేది. ఇక్కడ గెలిచింది ఒక మనిషి బతుకు! అలాగని అందరూ సంపాదన వదిలి రావాలని మేము అనడం లేదు. రెక్కాడితేగాని డొక్కాడని ఇళ్ళ నుండి వచ్చినవాళ్ళం; వదులుకోవడానికైనా ముందు చేతిలో ఏదో ఒకటి ఉండాలని మాకు తెలుసు. మాయా కూడా ఏళ్ళ తరబడి కష్టపడి పేరు సంపాదించింది. ఆ పేరు ఉంది కాబట్టే నలుగురూ ఆమె మాట విన్నారు. కనుక ముందు సాధించాలి. సాధించినదాన్ని గొంతులేని వారి కోసం ఖర్చుపెట్టాలి.

ఆట మానేసినందుకు లోకం ఆమెను మరిచిపోలేదు. 2025లో నైస్మిత్ బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆమెకు చోటు దక్కింది.

మిత్రులారా! చదువులోనైనా, ఆటలోనైనా మనం ఎంత ఎత్తుకు ఎదిగామన్నది ఒక్కటే లెక్క కాదు. ఆ ఎత్తు నుండి ఎవరికి చెయ్యి అందించామన్నదే అసలు లెక్క. ఇదే మా అభిప్రాయం.